అడుగున పెట్టిన కాగితం

నేను జీవితంలో ఒక్కసారి కూడా తుపాకీ పేల్చలేదు. అయినా తొమ్మిదేళ్ళపాటు, ఎవరి రైఫిల్‌కి ఏ బుల్లెట్ సరిపోతుందో చెప్పి జీతం తీసుకున్నాను. నవ్వుకోండి, పరవాలేదు. మా ఆవిడ కూడా నవ్వింది. "చీమను తొక్కినా రాత్రి ప్రార్థనలో ఒప్పుకునే మనిషి మీరు. మీకిదేం ఉద్యోగమండీ!" అంది. ఆమె నర్సు. క్రైస్ట్‌చర్చ్ ఆసుపత్రిలో ఆమెకి ఉద్యోగం వస్తే సూట్‌కేసులు మోసుకుంటూ వెనకాల వచ్చినవాణ్ణి నేను.

అంతకుముందు ఇరవై ఏళ్ళు హైదరాబాదులో, బాలానగర్‌లో లేత్ మెషీన్ల దగ్గర పనిచేశాను. వెంట్రుకలో పదో వంతు తేడా వచ్చినా పట్టుకునే కళ్ళు నావి. ఇక్కడికొచ్చాక ఏడాదిన్నరపాటు ఆ కళ్ళు ఎవరికీ అక్కర్లేకపోయాయి. ఓ వృద్ధాశ్రమంలో పక్కలు మార్చాను, ఓ గోడౌన్‌లో పెట్టెలు ఎత్తాను. ఆ తర్వాత ఊరి చివర ఒక చిన్న వర్క్‌షాపులో కొలతలు చూసే మనిషి కావాలని తెలిసి వెళ్ళాను. లోపల రాగి కడ్డీలు, లేత్‌లు, నాకు తెలిసిన నూనె వాసన. ఏం తయారుచేస్తారో కూడా అడగకుండా ఒప్పేసుకున్నాను.

వాళ్ళు తయారుచేసేది బుల్లెట్లు. దూరం నుంచి కొట్టే వేటగాళ్ళకీ, గురి పోటీలవాళ్ళకీ, ఎవరి రైఫిల్‌కి తగ్గట్టు వాళ్ళకి రాగితో చెక్కి ఇచ్చేవాళ్ళం. యజమాని డెబ్బైకి దగ్గరపడ్డ వేటగాడు, కివీ, అంటే ఈ దేశంలోనే పుట్టినవాడు. ప్యాకింగ్ చూసే ఒకావిడ ఉండేది, ఆయన కంటే రెండేళ్ళు పెద్దది, ఆయన్ని కూడా గదమాయించేది. మెషీన్ల మీద ఇద్దరు కుర్రాళ్ళు. అంతే మేం.

కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీలో చాలామందికి ఈ గొడవ తెలియదు కాబట్టి ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటాను. సన్నగా, పొడుగ్గా ఉన్న బుల్లెట్ గాలిని బాగా కోస్తుంది, చాలా దూరం పోతుంది. కాగితం మీదో, ఇనప పలక మీదో కొట్టేవాడికి అది చాలు. కానీ జంతువుని కొట్టేవాడికి చాలదు. బుల్లెట్ తగలగానే దాని ముక్కు విచ్చుకోవాలి, అప్పుడే జంతువు అక్కడికక్కడే పడిపోతుంది. విచ్చుకోవాలంటే తగిలేటప్పటికి వేగం మిగిలి ఉండాలి. దూరం పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది. మరీ తగ్గితే బుల్లెట్ దబ్బనంలా ఇటు దూరి అటు పోతుంది. జంతువు పడదు, ఒంట్లో చిల్లుతో ఎక్కడికో పోయి నరకం అనుభవిస్తుంది.

అందుకే మా యజమాని ఒక పద్ధతి పెట్టాడు. కొనేవాణ్ణి మూడు ప్రశ్నలు అడగాలి. ఏ రైఫిల్? ఏ జంతువు? ఎంత దూరం నుంచి? మూడో ప్రశ్నకి వచ్చిన జవాబు మా లెక్కకి పొసగకపోతే అమ్మకం లేదు. పొసిగితే, ఇంతకంటే దూరం నుంచి కొట్టొద్దని అంకె వేసి, సంతకం చేసి, ఆ కాగితాన్ని డబ్బా తెరవగానే కనబడేట్టు బుల్లెట్ల పైన పెట్టాలి. నకలు మా సొరుగులో ఉంటుంది. "బుల్లెట్ అమ్మడం ఎవడైనా చేస్తాడు. వద్దని చెప్పడానికే నీకు జీతం ఇస్తున్నా" అనేవాడు ఆయన.

ఆ లెక్కలు నేను వారంలో పట్టేశాను. రెండేళ్ళకల్లా మేమున్న దక్షిణ దీవి నలుమూలల నుంచీ వేటగాళ్ళు ఫోన్ చేసి "ఆ కొలతల ఇండియన్ ఉన్నాడా?" అని అడిగేవాళ్ళు. గర్వంగానే ఉండేది, ఎందుకు అబద్ధం చెప్పాలి? తెల్లవాళ్ళకి వద్దని చెప్పడం కూడా నేర్చుకున్నాను. ఫోన్లో, ఇంగ్లీషులో, ముక్కూమొహం తెలియనివాడికి వద్దని చెప్పడం ఏమంత కష్టం! అది వచ్చేసరికి నా మొహమాటం పోయిందనుకున్నాను. ఎంత వెర్రివాణ్ణి.

నాలుగో ఏడు, చలికాలం మొదట్లో, ఒక శనివారం ఉదయం. శనివారాలు కౌంటర్ దగ్గర నేనుండేవాణ్ణి. ముగ్గురు లోపలికొచ్చారు. ఇద్దరు కివీలు, ఒకడు మనవాడు. మనవాణ్ణి నేను తెలుగువాళ్ళ పిక్నిక్‌లో రెండుమూడు సార్లు చూశాను. తెలంగాణ అబ్బాయి, ముప్పై రెండు ముప్పై మూడేళ్ళుంటాయి, భవనాల కంపెనీలో సైట్ ఇంజినీరు. భార్య, ఒక చిన్న పాప.

"అరె, నమస్తే అంకుల్! మీరు ఈడ జేస్తరా? నాకు తెల్వనే తెల్వదు!" అన్నాడు. మొహం వెలిగిపోయింది. వెంటనే ఆ ఇద్దరి వైపు తిరిగి, ఈయన మా అంకుల్ అని ఇంగ్లీషులో గొప్పగా చెప్పాడు. వాళ్ళు నాకు చెయ్యిచ్చారు. ఒకడు అతని ఫోర్‌మన్, ఇంకొకడు అతనితో పనిచేసేవాడు.

వాళ్ళు మాట్లాడుకుంటుంటే అతను కౌంటర్ మీదికి వంగి మెల్లగా అన్నాడు: "ఆరేండ్లయింది అంకుల్ ఈ దేశమొచ్చి. గిన్నేండ్లల్ల మొదటిసారి వీళ్ళు నన్ను తోలుకపోతున్నరు. శుక్రారం బీరుకు గూడ పిలుస్తుండిరి గని, నేను తాగ గదా, మూలకు గూసునుడే. వేట అనంగనే లైసెన్స్ దీసిన, రైఫిల్ కొన్న, రేంజికి వోయి కాల్చుడు నేర్చుకున్న."

వాళ్ళు వెళ్ళేది తార్ వేటకి. తార్ అంటే ఎప్పుడో హిమాలయాల నుంచి తెచ్చి ఇక్కడ వదిలిన అడవి మేక. పడమటి కొండల్లో, మనిషి నిలబడలేని రాతి అంచుల మీద తిరుగుతుంది. నేను కాగితం తీసి మొదటి రెండు ప్రశ్నలు అడిగాను. అతనిది పొట్టి గొట్టం ఉన్న మామూలు రైఫిల్, ఎవరి దగ్గరో కొన్నది. మంచి రైఫిలే. కానీ పొట్టి గొట్టంలోంచి బుల్లెట్ బయల్దేరేటప్పుడే వేగం తక్కువ.

మూడో ప్రశ్న అడిగాను. అతను జవాబు చెప్పేలోపు ఫోర్‌మన్ అందుకున్నాడు. "ఏడొందల మీటర్లు! మేమంతా ఏడొందల నుంచే కొడతాం. పోయిన వారం రేంజ్‌లో ఏడొందల దగ్గర ఇనప పలకని మూడుసార్లు వరసగా కొట్టాడు మీవాడు, తెలుసా?" అని అతని వీపు మీద చరిచాడు. మనవాడు సిగ్గుపడుతూ నవ్వాడు. బడిలో బహుమతి తీసుకునే పిల్లాడి మొహంలా ఉంది ఆ మొహం.

"వీళ్ళు వాడేదే నాగ్గూడ ఇయ్యుండ్రి అంకుల్. గా పొడుగుది. కరెక్టే గదా? మీరు చెప్తే అదే ఫైనల్" అన్నాడు.

వాళ్ళు వాడేది వాళ్ళకి కరెక్టే. వాళ్ళవి మందుగుండు ఎక్కువ పట్టే, పొడుగు గొట్టం రైఫిళ్ళు. అదే బుల్లెట్ ఇతని రైఫిల్‌లో నాలుగొందల యాభై మీటర్లు దాటితే విచ్చుకోదు. ఏడొందల దగ్గర ఇనప పలక ఠంగుమంటుంది, నిజమే. మేకకి మాత్రం చిల్లే పడుతుంది. దీన్ని చెప్పడానికి నాకు లెక్క కూడా అక్కర్లేదు. "బాబూ, నీ రైఫిల్‌కి ఏడొందలు కుదరదు, దగ్గరికి వెళ్ళి కొట్టు." ఇంతే చెప్పాలి. దగ్గర దూరానికి పనికొచ్చే బుల్లెట్ మా దగ్గర వేరేది ఉంది, ముక్కు మొద్దుగా ఉండేది, అది చేతిలో పెట్టాలి.

తెలుగులో చెబితే ఆ ఇద్దరికీ అర్థం కాదు కదా అని మీరడుగుతారు. పోలీసులు కూడా అడగని ప్రశ్న అది. నన్ను నేను అడగని రోజు లేదు. చెబితే అతని మొహం మాడిపోతుంది. వాళ్ళు ఏమైందంటారు. అతను చెప్పక తప్పదు. వాళ్ళు నవ్వుతారు. ఆరేళ్ళకి ఒక్కసారి దొరికిన సావాసం, అందులో నేను, మనవాణ్ణి, అంకుల్ని, పరువు తీయడమా? ఇదంతా రెండు క్షణాల్లో నా బుర్రలో తిరిగింది. "మంచి బుల్లెట్టే బాబూ. బాగా పోతుంది" అన్నాను. అబద్ధం కాదు. బాగానే పోతుంది.

కాగితం మీద అంకె మాత్రం తప్పు వేయడానికి చెయ్యి రాలేదు. 450 అని రాసి సంతకం పెట్టాను. ఇప్పుడు ఆ కాగితం పైన పెట్టాలి. కౌంటర్ దగ్గరే డబ్బా తెరిచి చూసుకోవడం వేటగాళ్ళకి అలవాటు. ఆ ఇద్దరూ చూస్తారు. అందుకని, మీరు నమ్మండి నమ్మకపోండి, నేను వెనక్కి తిరిగి, డబ్బాలో పై వరస ఫోమ్ ఎత్తి, కింది వరస కూడా ఎత్తి, అట్టడుగున ఆ కాగితం మడిచి పెట్టాను. ఇంటికెళ్ళాక ఎప్పుడో చూసుకుంటాడులే అనుకున్నాను. ఈలోపు ఒంటరిగా దొరికినప్పుడు నేనే ఫోన్ చేసి చెబుదాం అనుకున్నాను.

ఫోన్ అతనే చేశాడు. మర్నాడు ఆదివారం పాప నాలుగో పుట్టినరోజు, ఆంటీని తీసుకుని మధ్యాహ్నం భోజనానికి రమ్మన్నాడు. వెళ్ళాం. ఇల్లంతా జనం. అతను ఒక్కక్షణం నిలవడు, అందరికీ వడ్డిస్తున్నాడు. ఒకసారి నా కంచం దగ్గరికొచ్చి మటన్ వేస్తుంటే, "బాబూ..." అన్నాను. "చెప్పుండ్రి అంకుల్" అని గరిటె పట్టుకుని వంగాడు. పక్కన నలుగురు కుర్చీలేసుకుని కూర్చున్నారు, అప్పటికే వాళ్ళకి అతని వేట కబుర్లు అయ్యాయి, అంకుల్ సెలెక్ట్ చేసిన బుల్లెట్ అని కూడా చెప్పేశాడు. "కొండల్లో చలి ఎక్కువగా ఉంటుంది. మందపాటి స్వెటర్ వేసుకో" అన్నాను.

స్వెటర్! ఆ మాట తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

తర్వాతి వారం పనిలో పడ్డాను. ఫోన్ చేద్దామనుకుంటూనే శుక్రవారం వచ్చింది. వాళ్ళు వెళ్ళిపోయారు. కొండల్లో ఫోన్ పనిచేయదు.

సోమవారం ఉదయం యజమాని నన్ను లోపలికి పిలిచాడు. ఇద్దరు పోలీసులు కూర్చుని ఉన్నారు. వాళ్ళు చెప్పింది ఇదీ. శనివారం మధ్యాహ్నం, లోయకి అటువైపు పెద్ద మగ తార్ కనిపించింది. ఏడొందల మీటర్లకి కాస్త తక్కువ. ఫోర్‌మన్ మొదటి అవకాశం అతనికే ఇచ్చాడు. గురి తప్పలేదు. అది ఉలిక్కిపడింది, పడలేదు, మెల్లగా రాతి అంచు చుట్టూ తిరిగి కనబడకుండా పోయింది. దెబ్బ తగిలిందని ముగ్గురికీ తెలుసు. దెబ్బతిన్న జంతువుని వదిలేసి రాకూడదని రేంజ్‌లో అతనికి నేర్పారు. చీకటి పడటానికి ఇంకా రెండు గంటలుందని అతను లోయ దాటి వెళ్ళాడు. అవతలి నీడలో రాయంతా మంచు గడ్డకట్టి ఉంది. మిగతా ఇద్దరూ ఇటువైపు నుంచి బైనాక్యులర్స్‌లో చూస్తూనే ఉన్నారు. జారాడు.

పోలీసులు కాగితం నకలు అడిగారు. సొరుగులోంచి తీసిచ్చాను. యజమాని కళ్ళద్దాలు పెట్టుకుని ఆ అంకె చదివాడు. పెద్దగా ఊపిరి వదిలాడు. "మా మనిషి నాలుగొందల యాభై అని రాసిచ్చాడు. ఆ కుర్రాడు వినలేదు, పాపం" అన్నాడు. డబ్బాలో కూడా కాగితం దొరికిందని పోలీసు అన్నాడు. "అడుగున ఉంది" అన్నాడు. అంతే. వాళ్ళకి అది పెద్ద విషయం కాలేదు. వాళ్ళు వెళ్ళాక యజమాని నాతో చెయ్యి కలిపాడు, నీ కాగితమే మనల్ని కాపాడింది అన్నాడు. నేనూ చెయ్యి కలిపాను.

ప్యాకింగ్ ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నది. యజమాని బయటికెళ్ళాక నా దగ్గరికొచ్చింది. "మనం పైన కదా పెడతాం" అంది. నేను సొరుగు మూశాను. ఆమె తన బల్ల దగ్గరికి వెళ్ళి పెట్టెలకి టేపు అంటించుకుంది. ఆ తర్వాత నేను రిటైరయ్యే దాకా నాతో వాతావరణం గురించి తప్ప ఇంకేం మాట్లాడలేదు.

శవాన్ని ఇండియాకి పంపేముందు వాళ్ళింటికి వెళ్ళాం. అతని భార్య ఏడవడం లేదు. పోలీసులు తిరిగిచ్చిన బుల్లెట్ల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. పై వరసలో పది గుంటలు ఖాళీ. కింది వరస నిండుగా, ముట్టుకోకుండా ఉంది. అంటే అతను ఆ ఫోమ్ ఎత్తనే లేదు. ఆ కాగితం చూడనే లేదు. అది నాకు తెలిసింది. ఆమెకి ఎలా తెలుస్తుంది?

"ఈ కాగితంల రాసుంది అంకుల్, నాలుగొందల యాభై అని. మీరు చెప్పిండ్రు గదా ఆయనకు?"

హాలు నిండా జనం. అందరూ నా వైపు చూస్తున్నారు. మా ఆవిడ కూడా.

"చెప్పానమ్మా" అన్నాను.

అప్పుడు ఏడ్చింది ఆ అమ్మాయి. "ఎవ్వరి మాట ఇనడు అంకుల్! ఎప్పుడన్న ఇన్నడా? నా మాట ఇనడు, వాళ్ళమ్మ మాట ఇనడు, మీ అసొంటి పెద్దోళ్ళు చెప్తే గూడ ఇనలే!" అని గుండెలు బాదుకుంది. నేను ఆమె తల మీద చెయ్యి పెట్టి ఓదార్చాను. నేనే!

ఇంకో ఐదేళ్ళు అదే కౌంటర్ దగ్గర పనిచేశాను. ఇంటి దగ్గర ఖాళీగా కూర్చోవడం అంతకంటే భయం. నా తీరు మారిపోయింది. ఎవడైనా మూడో ప్రశ్నకి నసిగితే కసిరి పంపించేవాణ్ణి. మొహం మీదే చెప్పేవాణ్ణి, వాడి స్నేహితుల ముందే చెప్పేవాణ్ణి. మనసులో ఉన్నది దాచుకోని మనిషి అని నాకు పేరొచ్చింది. రిటైరైన రోజు యజమాని అదే చెప్పి కేకు కోయించాడు. కొత్తగా ఉద్యోగాల్లో చేరే మీలాంటివాళ్ళు కథ ఇక్కడికి రాగానే, చూశారా, తప్పులోంచి నేర్చుకున్నాడు అనుకుంటారు. నేర్చుకున్నాను. దానివల్ల ఎవరికి ఏం ఒరిగిందో నాకిప్పటికీ తెలియదు.

ఆ అమ్మాయి ఈ ఊళ్ళోనే ఉండిపోయింది. వృద్ధాశ్రమంలో కేర్ వర్క్ చేస్తూ కూతుర్ని పెంచుకుంది. మా ఆవిడ అప్పుడప్పుడూ వెళ్ళొచ్చేది, నేను ఏదో ఒక వంక పెట్టి మానేసేవాణ్ణి. ఈ ఏడాది మొదట్లో మా ఆవిడ అక్కణ్ణుంచి వచ్చి చాలా బాధగా చెప్పింది. పాపకి పద్నాలుగేళ్ళు. స్కూలువాళ్ళు కొండల్లో నడకకి తీసుకెళ్తామంటే వెళ్తానని పట్టుబట్టిందట. తల్లి చెయ్యెత్తిందట. "మీ నాన్న లెక్కనే మొండిదానివి. గట్లనే సస్తవ్" అందట. ఆ ఇంట్లో తండ్రి ఫోటో ఒక్కటి కూడా లేదని మా ఆవిడ అప్పుడే నాకు చెప్పింది.

ఆ మాట తర్వాత ఇక ఉండలేకపోయాను. మా ఆవిడకి ముందు చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు, "నాతో కూడా చెప్పలేదు కదండీ" అని మాత్రం అంది. ఆ శనివారం ఉదయం ఒక్కణ్ణే వాళ్ళింటికి వెళ్ళాను.

ఆమె టీ పెడుతోంది. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని. ఏడొందలు, పొట్టి గొట్టం, అడుగున కాగితం, స్వెటర్, అన్నీ. ఆమె స్టవ్ ఆపేసింది.

"ఆయన అడిగిండా అంకుల్? ఏది మంచిదని మిమ్మల్ని అడిగిండా?"

"అడిగాడమ్మా. మీరు చెబితే అదే ఫైనల్ అన్నాడు."

"అంటే ఇన్నడు గదా" అంది. నాతో కాదు, తనలో తనే లెక్క చూసుకుంటున్నట్టు. "మీ మాట ఇన్నడు. ఇననోడైతే బతికేటోడు."

నేను క్షమించమని అడగడానికి వెళ్ళాను. ఆ మాట విన్నాక అడగడానికి నోరు రాలేదు. ఆమె చీర కొంగుతో పొయ్యి గట్టు తుడిచింది, తుడిచిందే తుడిచింది. ఆ తర్వాత, "బిడ్డకు మీరే చెప్పుండ్రి. ఇంగ్లీషుల చెప్పుండ్రి, మంచిగ సమజయితది. నాతోని గాదు" అని కూతుర్ని పిలిచింది.

పాప వచ్చి కూర్చుంది. అచ్చం తండ్రి మొహం. నాకొచ్చిన ఇంగ్లీషులో మొత్తం చెప్పాను. అయిపోయాక పాప నన్ను వదిలేసి తల్లి వైపు తిరిగింది.

"అయితే డాడీ మొండివాడు కాదా, మమ్మీ? మరి నువ్వు రోజూ ఎందుకలా చెప్పేదానివి?"

తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుంది. పాప ఆమె దగ్గరికి వెళ్ళలేదు. లేచి తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నేను చెప్పులేసుకుని బయటికొచ్చేశాను.